చక్రవర్తి కొలిచిన దారి

మా మేనమామను మునిసిపల్ ఆఫీసులో అందరూ చక్రవర్తి అంటారు. ఏలడానికి రాజ్యం ఉండి కాదు, తోయడానికి చక్రం ఉండి. నడుమెత్తు కర్ర, దాని కింద ఒక చక్రం, పక్కన అంకెల డబ్బీ. తోసుకుంటూ పోతే మీటరుకొకసారి టక్‌మంటుంది. రోడ్డెంత పొడుగు, కాలువెంత పొడుగు, ఎవరి ప్రహరీ ఎంత ముందుకు జరిగింది, అన్నీ ఆయన తోస్తేనే తేలతాయి. తేలినదాని కింద పెద్ద సంతకం వేరేవాళ్ళు పెడతారు. ఆయనది మూలన పొట్టి సంతకం, 'కొలిచినవాడు' అన్నచోట.

ఇరవయ్యో ఏట చైన్‌మన్‌గా చేరాడు. అప్పట్లో చక్రం లేదు, ఇనప గొలుసే. ఒక కొస మామయ్య పట్టుకుంటే రెండో కొస ఒక ముసలాయన పట్టుకునేవాడు. "గొలుసు సాగుద్దిరా, అడుగు సాగదు. రెండూ రాసుకో" అని ఆయన చెప్పిన మాట మామయ్యకు ఒంటబట్టింది. అప్పటినుంచి నోట్‌బుక్కులో ఎడమవైపు కొలత, కుడివైపు తన అడుగుల లెక్క. ఆయన అడుగు డెబ్భై మూడు సెంటీమీటర్లు. ఎక్కడికి నడిచినా పెదవులు కదులుతూనే ఉంటాయి. పెళ్ళయిన కొత్తలో అది చూసి అత్తయ్య, ఈయనకు భక్తి ఎక్కువ కాబోలు అనుకుందట.

"మంచం నుంచి వంటింటికి పద్దెనిమిది అడుగులంట. ఆ పద్దెనిమిదీ వేసి ఏనాడైనా తన మంచినీళ్ళు తను తెచ్చుకున్నాడేమో అడుగు" అంటుంది ఇప్పుడు.

మామయ్య నవ్వుతాడు. ఆఫీసులో చక్రవర్తీ అని పిలిచినా అలాగే నవ్వుతాడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మా మునిసిపాలిటీ పేదలకు ఎన్నడూ ఇళ్ళు కట్టలేదని కాదు. కట్టింది. ఎవడికీ అక్కర్లేని చోట, ఊరు దాటి తొమ్మిది కిలోమీటర్ల అవతల కట్టింది. తాళాలిచ్చినరోజు ఫొటోలు దిగారు. ఆరు నెలలు తిరక్కుండా సగంమంది ఆ తాళాలు వేసేసి మళ్ళీ ఊళ్ళో అద్దె గదులకు వచ్చేశారు. బస్సు లేదు. ఇల్లు అక్కడ, కూడు ఇక్కడ. అలాంటి కాలనీలు చాలాచోట్ల బావురుమంటుంటే పై ప్రభుత్వం ఒక రూలు తెచ్చింది. కాలనీ గేటు నుంచి ఐదు వందల మీటర్ల నడక లోపల బస్సు స్టాపు ఉంటేనే ఇళ్ళకు డబ్బిస్తామంది. మంచి రూలు. రాసినవాడు ఎప్పుడో ఒకనాడు బస్సు కోసం నడిచినవాడే అయ్యుంటాడు.

మా ఊళ్ళో మునిసిపాలిటీ చేతిలో మిగిలిన స్థలం ఒక్కటే. రైలు పట్టాల వెనక, ఒకప్పుడు చెత్త పోసిన పల్లం. దాన్ని మట్టితో పూడ్చి నూట నలభై నాలుగు ఇళ్ళకు ప్లాను గీశారు. పట్టాలకు ఇవతల గోడ, అవతల గట్టు, గట్టెక్కితే పెద్ద రోడ్డు, రోడ్డు మీద బస్సు స్టాపు. గోడకు మనిషి దూరేంత కంత ఉంది. ఎన్నేళ్ళనుంచి ఉందో ఎవరికీ తెలీదు. ఆ చుట్టుపక్కల వాళ్ళంతా కంతలోంచి దూరి, పట్టాలు దాటి, గట్టెక్కి బస్సు పట్టుకుంటారు. పోయినేడు మామయ్య కూడా వాళ్ళ వెనకే చక్రం తోసుకుంటూ వెళ్ళాడు. నాలుగు వందల ఎనభై ఎనిమిది మీటర్లు వచ్చింది. కాగితంలో 'నడిచే దారి ఉందా?' అని ఒక గడి ఉంటే, 'ఉంది' అని రాసి మూలన సంతకం పెట్టాడు.

ఇళ్ళు మంజూరయ్యాయి. లాటరీ తీస్తే మా అమ్మ పేరు వచ్చింది.

అమ్మ, అంటే మామయ్యకు పెద్దక్క, ఆస్పత్రి లాండ్రీలో పని చేస్తుంది. పొద్దున్న ఆరింటికి షిఫ్టు. నాన్న పోయాక పదకొండేళ్ళలో మేం నాలుగు గదులు మారాం. ఇప్పుడున్న గదికి కిటికీ ఉంది కానీ అది పక్కింటివాళ్ళ మెట్ల కిందకు తెరుచుకుంటుంది. కుళాయి ఐదు వాటాలకూ ఒకటే. పేరు వచ్చిందని తెలిసినరోజు అమ్మ ప్లాను కాగితం తెచ్చుకుని నేలమీద పరిచి, వంటగది గడిమీద అరచెయ్యి పెట్టి కూర్చుంది. స్తంభాలు లేచాయి, రెండో అంతస్తు దాకా గోడలు లేచాయి. ఆదివారం ఆదివారం వెళ్ళి చూసొచ్చేది.

రెండో విడత డబ్బు ఇచ్చేముందు మరోసారి కొలిచి చూడ్డానికి పైనుంచి అధికారి వస్తున్నారని సోమవారం కబురొచ్చింది. వచ్చేది గురువారం. మామయ్య పాత నోట్‌బుక్కు బయటికి తీశాడు. ఎడమవైపు 488. కుడివైపు 700 అడుగులు.

ఏడు వందల్ని డెబ్భై మూడుతో హెచ్చవేస్తే ఐదు వందల పదకొండు.

మూడుసార్లు వేసి చూశాడట. తర్వాత గుర్తొచ్చింది. పట్టాల దగ్గర చక్రం దొర్లదు. ఎత్తి చంకలో పెట్టుకుని దాటాడు. ఎత్తిన చక్రం తిరగదు, తిరగని చక్రం లెక్కపెట్టదు. కాళ్ళు మాత్రం లెక్కపెట్టాయి. మధ్యలో ఇరవై మూడు మీటర్లు, సరిగ్గా రైళ్ళు పోయే ఇరవై మూడు మీటర్లు, కాగితం మీద లేకుండా పోయాయి.

ఆ సాయంత్రం మా గదికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. అమ్మ ఇంకా రాలేదు.

"పదకొండు మీటర్లురా అల్లుడూ" అన్నాడు.

"ఏంటి మామయ్యా పదకొండు?"

చెప్పాడు. చెప్తున్నంతసేపూ బొటనవేలితో చూపుడువేలి గోరు గీకుతూనే ఉన్నాడు. "నూట నలభై నాలుగు ఇళ్ళు. పదకొండు మీటర్లకి పోతాయి. గురువారం వచ్చే ఆఫీసరమ్మ సరిగ్గా కొలిస్తే?"

"మీ ఇంజనీరుకి చెప్పు."

"చెప్తే నా ఉద్యోగం పోద్ది. చెప్పకపోతే మీ అమ్మ ఇల్లు పోద్ది. నాకింకా ఎనిమిది నెలల సర్వీసుంది." గుమ్మం దిగుతూ, "మీ అమ్మకి చెప్పకు" అని వెళ్ళిపోయాడు. పెదవులు కదల్లేదు. మామయ్య లెక్కపెట్టకుండా నడవడం నేను చూసింది అదే మొదలు.

మంగళవారం ఇంజనీరుకు చెప్పనే చెప్పాడు. ఇంజనీరు అరుస్తాడనుకున్నాడు. ఆయన పకపకా నవ్వాడట.

"ఇంతేనా? దీనికా నువ్వు మొహం వేలాడేసుకుని వచ్చావు? స్టాపు స్తంభాన్ని ఇరవై మీటర్లు ఇటు జరిపితే సరి. నాలుగు వందల తొంభై ఒకటి. చాలా?"

"చాలండి. కానీ సార్, అసలు అది దారేనాండి?"

"జనం నడుస్తున్నారా లేదా?"

"నడుస్తున్నారు."

"నడిచిందే దారి. పోయినేడు నువ్వే రాశావు కదయ్యా చక్రవర్తీ, దారి ఉందని. రాజు మాట తప్పకూడదు."

బుధవారం ఇద్దరు మనుషులు వచ్చి స్తంభం పీకి ఇరవై మీటర్లు ఇవతల పాతిపెట్టారు. అరగంట పని. ఆ స్టాపుకు ఒక రేకు కప్పు వెయ్యండి, ముసలీ ముతకా ఎండలో నిలబడలేకపోతున్నారు అని జనం ఇరవై ఏళ్ళుగా అర్జీలు పెడుతున్నారు. దానికి కదలని స్తంభం కాగితానికి కదిలింది.

అక్కడితో మామయ్య గుండెల మీద బరువు దిగిపోవాలి. దిగలేదు. ఆ సాయంత్రం అమ్మే ఆయన్ని పిలిపించింది, ప్లాను కాగితం పట్టుకుని.

"ఒరే తమ్ముడూ, బస్సు స్టాపు దగ్గరేగా?"

"దగ్గరే అక్కా."

"ఎంతసేపు పట్టుద్ది?"

"ఏడెనిమిది నిమిషాలు. కంతలోంచైతే."

"కంతలోంచి కాక ఆకాశంలోంచి పోతానా? ఐదున్నర బస్సు అందితే చాలు. ఇప్పుడు రెండు బస్సులు మారుతున్నా."

"పట్టాలు దాటాలక్కా. నాలుగు లైన్లు."

"ఏం, నాకు కళ్ళు లేవా?"

మామయ్య ఆమెకు ఎడమవైపు కూర్చుని ఉన్నాడు. గొంతు తగ్గించి, "చెవులున్నాయా?" అన్నాడు.

అమ్మ కాగితం చూసుకుంటూనే ఉంది. పంతొమ్మిదేళ్ళు లాండ్రీ యంత్రాల పక్కన నిలబడ్డ మనిషి. ఎడమ చెవి పోయి నాలుగేళ్ళయింది. ఎవరికీ చెప్పదు, చెప్తే ఆ సాకుతో పనిలోంచి తీసేస్తారని భయం. మామయ్య నావైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. ఇంజనీరు చెప్పినట్టు మామయ్య చేస్తే మాకు ఇల్లు వస్తుంది. ఆ ఇల్లు నాకు కావాలి. కిటికీ ఆకాశంలోకి తెరుచుకునే గది ఒక్కటైనా కావాలని నేను ఎన్నాళ్ళనుంచి అనుకుంటున్నానో ఆయనకు తెలుసు.

గురువారం వచ్చిన అధికారి ముప్ఫై ఏళ్ళ ఆవిడ. కాన్వాసు బూట్లు వేసుకుని, చేతిలో నీళ్ళ సీసాతో, కారు గేటు దగ్గరే ఆపించి దిగింది. నడవడానికి సిద్ధపడి వచ్చినవాళ్ళను చూస్తే ఇంజనీర్లకు కంగారు. లాటరీలో పేరొచ్చిన వాళ్ళం పాతికమందిమి ఇసుక గుట్ట పక్కన నిలబడ్డాం. మామయ్య డబ్బీలో అంకెల్ని సున్నాకు తిప్పాడు.

"ఎటు?" అంది ఆవిడ.

"ఇటు మేడమ్, గోడ పక్కగా. దగ్గర దారి" అన్నాడు ఇంజనీరు.

మామయ్య చక్రాన్ని కంతవైపు పెట్టాడు. రెండు టక్కులు వినిపించాయి. ఆగాడు. మళ్ళీ గేటు దగ్గరికి వచ్చి, అంకెలు సున్నాకు తిప్పి, ఎడమకు మళ్ళాడు.

"ఏయ్ చక్రవర్తీ! ఎటు?"

"దారి ఇటండి."

"ఇటా? ఇటు వంతెన కదయ్యా!"

"వంతెన కిందనించే దారి సార్. అటున్నది కంత."

ఇంజనీరు మొహం ఎర్రబడింది. ఆవిడ మామయ్య వెనక నడిచింది. ఆవిడ వెనక ఇంజనీరు, ఆయన వెనక మేం. రైలు వంతెన దాకా గోడ వెంబడే, వంతెన కింద మోకాలి లోతు నీళ్ళ పక్కగా, అక్కడినుంచి పెద్ద రోడ్డెక్కి వెనక్కి స్టాపు దాకా. దారి పొడుగునా టక్ టక్. ఐదు వందలు దాటినప్పుడు ఎవరో ఆడమనిషి "అయిపోయింది" అంది. అరగంట నడిచాం. కొత్త చోట పాతిన స్తంభం దగ్గర చక్రం ఆగేసరికి డబ్బీలో వెయ్యిన్నీ ఎనిమిది వందల డెబ్భై.

ఆవిడ రాసుకుంది. "పోయినేడు దారి ఉందని రాసింది ఎవరు?"

"నేనేనండి."

"ఎందుకు రాశారు?"

"జనం పోతుంటే దారనుకున్నానండి. పోతున్నారు అని రాయాల్సింది. దారి ఉంది అని రాశాను."

"మీవాళ్ళెవరైనా ఉన్నారా లిస్టులో?"

"మా అక్క." వేలు పెట్టి చూపించాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

డబ్బు ఆగిపోయింది. పని ఆగిపోయింది. తప్పు కొలత రాసినందుకు మామయ్యకు మెమో ఇచ్చారు, పింఛను ఎందుకు ఆపకూడదో పదిహేను రోజుల్లో చెప్పమన్నారు. స్తంభం జరిపించినవాడికి ఏ మెమో లేదు. మా వాటాల్లోనే ఉండే కుట్టుమిషనావిడకు కూడా లాటరీలో ఇల్లొచ్చింది. మామయ్య సందులోకి వస్తే చాలు, "చక్రవర్తిగారొస్తున్నారు, తప్పుకోండి, నూట నలభై నాలుగు కోటలు కూల్చి అలిసిపోయుంటారు" అనేది. అందరూ నవ్వేవారు. అమ్మ నవ్వలేదు, ఆపమనీ అనలేదు.

"సొంత తమ్ముడు. కొంప ముంచాలంటే ముందు కొంప ఉండాలి కదా. నాది లేకుండానే ముంచాడు" అంది నాతో. తొమ్మిది రోజులు ఆయనతో మాట్లాడలేదు. అత్తయ్య గిన్నెలో కూర పంపితే గిన్నె కడిగి తిప్పి పంపింది, కూరను వేరే గిన్నెలో పోసి దాన్నీ.

నేనూ ఆయన్ని రెండు మాటలన్నాను. అవి ఇక్కడ రాయను.

ఆ అధికారి ఫైలు మూసెయ్యలేదు. రెండు నెలలకు ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. జనం బస్సు దగ్గరికి వెళ్ళలేకపోతే బస్సునే జనం దగ్గరికి తెమ్మని, అలా తెస్తే డబ్బు విడుదల చేస్తామని. ఇంత చిన్న మాట రెండేళ్ళుగా ఈ ఆఫీసుల్లో ఒక్క బుర్రకూ తట్టలేదు. ఇళ్ళ శాఖవాళ్ళు, బస్సులవాళ్ళు ఒకే మేడలో ఉంటారు, ఒకరిది కింద, ఒకరిది పైన. మధ్యలో ఇరవై రెండు మెట్లు. మామయ్య చెప్పాడు.

వంతెన పక్క మలుపు ఇరుకు, బస్సు తిరగదన్నారు బస్సులవాళ్ళు. తిప్పి చూద్దామన్నారు చివరికి. ఖాళీ బస్సు తెచ్చారు. మళ్ళీ అందరం వెళ్ళాం. ఈసారి అమ్మ కూడా మామయ్య పక్కనే నిలబడింది. మొదటిసారి తిరగలేదు. డ్రైవరు వెనక్కి పోయి మళ్ళీ వచ్చాడు. వెనక బంపరు గోడను ముద్దు పెట్టుకుందా అన్నంత దగ్గరగా పోయింది. "ఎవడ్రా ఈ మలుపు కట్టింది, వాడి మొహం మండ!" అని డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి తిడుతూనే తిప్పాడు. తిరిగింది. అమ్మ మామయ్య మోచెయ్యి పట్టుకుంది. తర్వాత పట్టుకున్నానని గుర్తొచ్చి వదిలేసింది.

స్టాపు కాలనీ గేటుకు నూట నలభై మీటర్లలో పెట్టారు. రోజుకు మూడు ట్రిప్పులు. మొదటి బస్సు పొద్దున్న ఏడుంబావుకి.

కొలత కాగితం మళ్ళీ మామయ్య దగ్గరికే వచ్చింది. దూరానికి గడి ఉంది, దారికి గడి ఉంది. టైముకు గడి లేదు. ఆయన దూరం రాసి, దారి ఉందని రాసి, కింద ఖాళీలో ఇలా రాశాడు: 'మొదటి బస్సు 7.15. ఇక్కడివాళ్ళు పనికి బయల్దేరేది 5.30.'

"ఇది నిన్నెవడడిగాడయ్యా?" అన్నాడు ఇంజనీరు.

"ఎవరూ అడగలేదండి."

కొత్త కాగితం ఇచ్చి మళ్ళీ రాయమన్నాడు. మామయ్య మళ్ళీ అదే రాశాడు. మూడో కాగితానికి ఇంజనీరు విసిగిపోయి సంతకం గీకేసి పంపేశాడు. పైన ఎవరైనా ఆ వాక్యం చదివారో లేదో తెలీదు. డబ్బు మాత్రం వచ్చింది. మెమోను హెచ్చరికతో సరిపెట్టారు. మామయ్య రిటైరైన నాలుగు నెలలకు అమ్మకు తాళాలిచ్చారు. మా కిటికీలోంచి పట్టాలు కనిపిస్తాయి.

మొదటి వారం అమ్మ వంతెన కిందనుంచే నడిచింది. రెండోవారం వానపడి కింద నీళ్ళు నడుం దాకా వచ్చాయి, షిఫ్టుకు ఆలస్యమైంది, సగంరోజు జీతం కోసుకున్నారు. ఆ తర్వాత ఎటు వెళ్తున్నావని నేను అడగలేదు.

మామయ్య సోమవారం సోమవారం డిపోకు పోవడం మొదలుపెట్టాడు, ఐదున్నర బస్సు వెయ్యమని. ఆ టైములు చూసే ఆయన నాలుగు సోమవారాలు రేపు రమ్మని, ఐదో సోమవారం అడిగాడట: "పెద్దాయనా, వేస్తాం సరే. ఎంతమంది ఎక్కుతారు? లెక్కేదీ?"

మర్నాడు తెల్లవారుజామున ఐదుకల్లా మామయ్య కంత పక్కన ఒక రాయి మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పాత నోట్‌బుక్కు. నేను నిద్రపట్టక కిందికి దిగి, ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. కంతలోంచి దూరిన మనిషి అవతల గట్టెక్కగానే ఒక గీత. ఐదు గీతలకు ఒక అడ్డగీత. టిఫిన్ డబ్బాలవాళ్ళు, కాపలా డ్యూటీ దిగొచ్చి ఎదురుపడేవాళ్ళు, చంటిబిడ్డతో ఒకావిడ. ఐదూ ఇరవైకి నలభై ఒకటి అయ్యాయి.

అప్పుడు అమ్మ వచ్చింది. మమ్మల్ని చూసి ఆగింది.

"ఇక్కడేంట్రా మీరిద్దరూ?"

"లెక్కపెడుతున్నా అక్కా."

"నన్ను కూడానా?"

"నిన్ను కూడా. కుడివైపు చూసుకో, ఎడమవైపు నేను చూస్తా."

కంతలోంచి తొంగి చూస్తే దూరంగా ఎడమవైపు లైటు కనబడింది. మామయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. అమ్మ ఆగింది. సరుకుల రైలు, ఎంతకూ అయిపోదు. ఇనుము మీద ఇనుము దొర్లే మోత గోడంతా పాకింది. చివరి పెట్టె దాటగానే మామయ్య చెయ్యి తీశాడు. అమ్మ చెప్పులు చేతిలోకి తీసుకుని, వంగి, కంతలోంచి దూరి పట్టాల మీదికి వెళ్ళింది. ఒక లైను, రెండు, మూడు. మామయ్య లేచి నిలబడ్డాడు. పెన్సిలు కాగితానికి ఆనించే ఉంది. ఆయన పెదవులు ఆమె అడుగుల్ని లెక్కపెడుతున్నాయి. ఆమె అవతల గట్టెక్కి, చెప్పులు కింద వేసి కాళ్ళు దూర్చేదాకా ఆయన గీత గీయలేదు.